డప్పులు ఆగిన దసరా

ఒకానొక రాజ్యంలో వానలు ఎక్కువ, నవ్వులు తక్కువ. వెదురుగిరి అని దాని పేరు. చుట్టూ కొండలు, మధ్యలో ఊరు. మబ్బు ఒకసారి వచ్చి కూర్చుందంటే లేవడానికి బద్ధకించేది. ఆ మబ్బు కంటే బరువుగా ఊరి మీద కూర్చున్నవాడు ఇంకొకడున్నాడు. ఆయన ఆ రాజ్యానికి రాజు, పృథ్వీమల్లుడు.

పృథ్వీమల్లుడికి బిరుదులంటే ప్రాణం. ఆయన సభలోకి వస్తుంటే వందిమాగధులు బిరుదులన్నీ చదివి ముగించేలోగా సభికులు ఒక కునుకు తీసి లేవవచ్చు. అన్నిటిలోకీ ఆయన మురిసిపోయే బిరుదు 'ఏకశర లక్ష్యభేది'. ఒక్క బాణంతో గురి కొట్టేవాడని అర్థం.

ఆ బిరుదు వెనక ఒక ఆచారం ఉంది. విజయదశమినాడు జమ్మిచెట్టు పక్కన అరటి బోదె పాతి, దాని మీద కుంకుమ బొట్టు పెడతారు. రాజు చేబాణం విసిరి ఆ బొట్టును కొట్టాలి. చేబాణమంటే వింటితో పనిలేకుండా చేత్తో విసిరే జానెడు బాణం. తగిలితే ఏడాదంతా శుభం, తప్పితే అరిష్టం. పట్టాభిషేకం అయిన నాటి నుంచి పృథ్వీమల్లుడి గురి ఒక్కసారి కూడా తప్పలేదు.

తప్పలేదంటే, రెండేళ్ళ కిందటి దాకా.

ఆ చేబాణాలు చేసేది బొమ్మలవాళ్ళు. ఏడాది పొడుగునా తిరునాళ్ళలో పిల్లలకు అమ్మే బాణాలు చేసుకుంటూ, దసరాకు మాత్రం రాజుగారికని ఒకటి చేసి ఇచ్చేవాళ్ళు. పిల్లల బాణాలకు ముల్లు ఉండదు. కొసన జిగురు ముద్ద ఉంటుంది. విసిరితే గోడకు అంటుకుని వేలాడుతుంది, ఎవరికీ దెబ్బ తగలదు. ఆ ఇంటి పెద్ద ఓబయ్య. బాణం మరీ తేలికై గాలికి తల ఎగరేస్తోందని ఆయన రెండేళ్ళ కిందట ఒక ఉపాయం చేశాడు. ముల్లు వెనక కాస్త సీసం పోశాడు. బరువు ముందుకు వచ్చింది, బాణం తల దించుకుని బుద్ధిగా పోవడం మొదలుపెట్టింది. తన దొడ్లో విసిరి విసిరి చూసుకుని మరీ తెచ్చి ఇచ్చాడు.

రాజు విసిరాడు. బాణం బోదెకు మూరెడు పక్కన మట్టిలో దిగింది.

జనం గుండెల్లో రాయి పడింది. అప్పుడు ఆస్థాన శస్త్రశాస్త్ర పండితుడు ఉద్దండభట్టు ముందుకు వచ్చి, "గురి తప్పలేదు ప్రభూ, బాణం తప్పింది. సీసం పోసి దాన్ని పాడుచేశారు," అన్నాడు. ఓబయ్యను కారాగారంలో వేశారు.

మరుసటి ఏడు ఓబయ్య తమ్ముడు గంగప్ప చేశాడు. తోకకు గద్ద ఈకలు మూడు కట్టి, వాటిని ఒక పక్కకు కాస్త మెలిపెట్టాడు. విసిరితే ఆ బాణం గిర్రున తిరుగుతూ పోతుంది. తిరిగేది తూలదు. బొంగరం ఆడిన ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. ఆ బాణం రాజు చేతిలోంచి వెళ్ళి పురోహితుడి గొడుగులో గుచ్చుకుంది. ఉద్దండభట్టు ఈసారి శనిగ్రహాన్నీ గద్ద ఈకల్నీ కలిపి తిట్టాడు. శనిని పట్టుకోవడం భటుల వల్ల కాదు కనుక గంగప్పను పట్టుకున్నారు.

ఆ తరవాత తిరునాళ్ళలో చేబాణాలు లేవు. చేసేవాళ్ళు లేరు. పిల్లలు ఎండుపుల్లలు చెక్కుకుని విసురుకునేవాళ్ళు, ఒళ్ళంతా గాయాలు చేసుకునేవాళ్ళు. రాజుగారి కోపం ఎప్పుడూ అంతే. తగలాల్సిన చోట తప్ప అన్ని చోట్లా తగులుతుంది.

ఇక మూడో ఏడు. భాద్రపద మాసం. బయట ఆగని వాన. సభామంటపం కప్పు కారుతుంటే ఒక మూల ఇత్తడి బిందె పెట్టారు. చుక్క చుక్కగా నీళ్ళు పడి, బిందె టప్పు టప్పుమంటోంది.

సింహాసనం పక్కన అడపకాడు దోనయ నిలబడి ఉన్నాడు. తమలపాకుల పెట్టెను అడపం అంటారు. అది పట్టుకుని, రాజు అడిగినప్పుడల్లా చిలక చుట్టి ఇవ్వడం అతని ఉద్యోగం. దోనయకు నోరు ఊరుకోదని పేరు. ఆ నోటి వల్ల రెండు మూడుసార్లు తల పోవలసి వచ్చింది, మళ్ళీ ఆ నోటి వల్లనే నిలిచింది.

రాజు వక్కపలుకు కోసం పళ్ళెంలో చెయ్యి పెట్టాడు. పలుకు కుడి పక్కన ఉంది. వేళ్ళు ఎడమ పక్కన తడుముకున్నాయి. దోనయ ఏమీ ఎరగనట్టు పళ్ళేన్ని జరిపాడు. ఏడాదికి పైగా అలా జరుపుతూనే ఉన్నాడు.

"ఆ పాడు చప్పుడేమిటి?" అని రాజు విసుక్కున్నాడు. చేతిలో ఉన్న వక్కపలుకును మూలకు గిరాటు వేశాడు. అది నేరుగా పోయి బిందె అంచుకు తగిలి ఖంగుమంది.

"ఏకశర లక్ష్యభేదీ, జయము జయము," అని సభ అంతా అందుకుంది. అందరికంటే ముందు ఉద్దండభట్టు.

దోనయ మాత్రం అరవలేదు. రాజు కళ్ళలోకి చూశాడు. పల్చని మజ్జిగ పోసినట్టు రెండు కళ్ళలోనూ పొర ఉంది. పళ్ళెంలో వక్క కనబడనివాడికి మూలనున్న బిందె ఎలా దొరికిందో అతనికి క్షణంలో అర్థమైంది. అర్థమయ్యాక దిగులు వేసింది.

పొగడ్త తలకెక్కింది రాజుకు. "చూశారు కదా. నా చెయ్యి తప్పలేదు. రెండేళ్ళుగా తప్పుతున్నది ఆ బొమ్మలవాళ్ళ బాణాలు. వాళ్ళింట్లో ఇంకెవరున్నారు?"

"ఓబయ్య పెళ్ళాం నాంచారి ఉంది ప్రభూ. దానికీ పని వచ్చు," అన్నాడు ఉద్దండభట్టు.

"అయితే ఈ ఏటి బాణం అది చేస్తుంది. మళ్ళీ గురి తప్పిందా, ముగ్గురి కుడిచేతి బొటనవేళ్ళూ తీయించేస్తాను."

బొటనవేలు లేని బొమ్మలవాడంటే బతికి ఉన్న శవమే. దోనయ గొంతు సవరించుకున్నాడు.

"ప్రభూ, ఆడమనిషి ఒక్కతే. ఎవరో ఒకరు దగ్గరుండి చేయించాలి. ఆ పని నాకు ఇప్పించండి. తప్పితే నా వేలు కూడా ఆ ముగ్గురి వేళ్ళతో కలపండి."

"నీ వేలు పోతే నాకు చిలకలు ఎవడు చుడతాడురా?"

"పండితులవారు చుడతారు ప్రభూ. మాటలు అంత బాగా చుట్టేవారికి ఆకు ఒక లెక్కా?"

ఉద్దండభట్టు ముఖం మాడింది. రాజు ఒప్పుకున్నాడు.

ఇక్కడ ఒక పాత కథ చెప్పాలి. చెప్పకపోతే రాజు వట్టి మూర్ఖుడని మీరు అనుకుంటారు. ఆయన మూర్ఖుడే గానీ, వట్టి మూర్ఖుడు కాదు, భయపడ్డ మూర్ఖుడు. వెదురుగిరిలో చూపు లేనివాడు సింహాసనం మీద ఉండకూడదని కట్టుబాటు. పృథ్వీమల్లుడి తండ్రికి కూడా పెద్దతనంలో ఇలాగే పొర కమ్మింది. ఒకనాడు నిండు సభలో కొడుకే తండ్రి చేతికి ఒక పువ్వు ఇచ్చి, "నాయనగారూ, ఇది ఏ రంగు?" అని అడిగాడు. పెద్దాయన తడుముకుని "తెలుపు" అన్నాడు. అది ఎర్ర మందారం. ఆ పూటే కిరీటం మారింది. పెద్దాయన ఏనుగుల సాల వెనక గదిలో చాలా ఏళ్ళు బతికి, అక్కడే పోయాడు. చూడ్డానికి ఎవరూ వెళ్ళేవారు కారు. ఆ గది తలుపు ఇప్పటికీ వేసే ఉంది. పృథ్వీమల్లుడు దానికి దూరంగా నడుస్తాడు.

మర్నాడు దోనయ బొమ్మలవాళ్ళ ఇంటికి వెళ్ళాడు. నాంచారి వసారాలో ముందు ఏ పనీ పెట్టుకోకుండా కూర్చుని ఉంది.

"పని మొదలుపెట్టలేదేమమ్మా?" అన్నాడు.

"ఏం పెట్టమంటారయ్యా? మా ఆయన ముందు బరువు పెట్టాడు. మా మరిది వెనక ఈకలు మెలిపెట్టాడు. రెండూ చక్కని పనులే. తోకకు జీలుగ బెండు పెట్టి ఇంకా తేలిక చేద్దామని నేను అనుకున్నాను. చేసి ఎవరికివ్వను? బాణంలో తప్పు ఉంటే దిద్దుతాను. తప్పు బాణంలో లేదు. ఎక్కడుందో మీకు తెలుసు. నోటితో అంటే నాలుక ఉండదు."

"అనకు. ఆ పాత బాణాలు ఏమయ్యాయి?"

ఆమె లోపలికి వెళ్ళి ఒక గుడ్డమూట తెచ్చింది. మైదానంలో పడేసి పోతే ఏరి తెచ్చుకుందట. మొగుడు చెరలో, మరిది చెరలో. వాళ్ళ చేతిపని ఈ రెండే మిగిలిందని దాచుకుంది.

దోనయ రెండింటినీ చేతిలోకి తీసుకుని చూశాడు. "నాంచారమ్మా, నువ్వు కొత్తది చేయవద్దు. దీని తల, దాని తోక కలిపి ఒక్క బాణం చెయ్యి. పైన మంచి లక్క రంగు వెయ్యి. కన్నతల్లి కూడా పోల్చుకోకూడదు."

"పాతవి కలిపితే కొత్త అదృష్టం వస్తుందా అయ్యా?"

"అదృష్టం సంగతి నాకు తెలియదు. నా వేలు కూడా పందెంలో ఉంది, అది మాత్రం తెలుసు."

ఆమె అతని ముఖంలోకి చూసింది. తరవాత లక్క కరిగించడానికి కుంపటి అంటించింది. పని తిన్నగా సాగింది.

విజయదశమి వచ్చింది. పండగకు కూడా మబ్బు సెలవు తీసుకోలేదు. మైదానమంతా బురద. జనం వచ్చారు గానీ పండగ మొహాలు లేవు. ఓబయ్యనూ గంగప్పనూ సంకెళ్ళతో తెచ్చి ఒక పక్క నిలబెట్టారు. చీకటి గదుల్లో ఉండి ఉండి, ఆ మసక వెలుతురుకే వాళ్ళ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. వాళ్ళ పక్కనే కొయ్యమొద్దు, దాని మీద కత్తి.

అరటి బోదె దగ్గర ఈసారి ఒక కొత్త సంగతి కనబడింది. మూడు వెదురు బొంగుల మీద ఒక ధారాపాత్ర వేలాడదీసి ఉంది. గుళ్ళో శివుడి నెత్తిన చుక్క చుక్కగా నీళ్ళు పడడానికి కడతారే, అలాంటిది. బోదెకు పెట్టిన బొట్టుకు సరిగ్గా కింద కంచు పళ్ళెం ఒకటి బిగించారు. పాత్రలో నీళ్ళు చుక్క చుక్కగా ఆ పళ్ళెం మీద పడుతున్నాయి.

"ఇదేమిటి?" అని ఉద్దండభట్టు అడిగాడు.

"రెండేళ్ళుగా అరిష్టం కదండీ. బోదెకు అభిషేకం చేయిస్తున్నాను," అన్నాడు దోనయ. "ఇంకొక మనవి. బాణం వదిలేదాకా ఈ డప్పులు ఆపించాలి."

"అదేం కుదరదు. మొదటి నుంచీ చివరి దాకా డప్పులు మోగాలని ఆజ్ఞ ఇచ్చింది నేను. రాజు విసిరేటప్పుడు డప్పులు ఆగాలని ఏ శాస్త్రంలో ఉంది?"

"గద్ద ఈకలకు శని పడుతుందని మీరు చదివిన శాస్త్రంలోనే ఉందండీ, తరవాతి ఆకులో. అయినా ఇది కొత్త బాణం. కొత్త కోడలిలాంటిది. అందరూ ఒక్కసారి గోల చేస్తే బెదిరిపోతుంది."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ ఊళ్ళో ఆ చప్పుడు విని చాలా కాలమైంది. రాజు చెయ్యి ఎత్తి, "ఆపండి," అన్నాడు.

డప్పులు ఆగాయి. జనం ఊపిరి బిగబట్టారు. ఆ నిశ్శబ్దంలో కంచు పళ్ళెం మీద చుక్క పడింది. టంగు. కాసేపటికి మళ్ళీ టంగు.

పృథ్వీమల్లుడు బాణం పట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. ముఖం ఎటో ఉంది. చుక్క పడింది. ముఖం కొంచెం తిరిగింది. ఇంకో చుక్క పడింది. ఈసారి భుజం కూడా తిరిగింది. నుదుట చెమట పోసింది. ఆ క్షణంలో ఆయన గొప్ప రాజులా కనబడలేదు. ఎవరో పిలిచినట్టుంటే చెవి ఒగ్గి నిలబడిన ముసలివాడిలా కనబడ్డాడు. నాంచారి కళ్ళు మూసుకుంది.

ఇంకో చుక్క పడింది. రాజు విసిరాడు.

తల బరువు మీద బాణం వంగింది, తోక మెలిక మీద గిరగిరా తిరిగింది, పోయి కుంకుమ బొట్టు అంచున థక్కుమని దిగింది. మైదానమంతా ఒక్క కేక వేసింది. డప్పులు వాటంతట అవే మోగాయి.

రాజు ఛాతీ మళ్ళీ పొంగింది. అదే చిక్కు. ఆయన ఛాతీ పొంగినప్పుడల్లా ఎవరికో ఒకరికి మూడుతుంది. ఉద్దండభట్టు వెంటనే అందుకున్నాడు.

"తేలిపోయింది ప్రభూ. మంచి బాణం ఇస్తే మీ గురికి తిరుగు లేదు. అంటే ఆ అన్నదమ్ములు కావాలనే చెడ్డ బాణాలు ఇచ్చారు. ఇది రాజద్రోహం."

"నిజమే," అన్నాడు రాజు. "నాంచారి వేలు వదిలేయండి. ఆ ఇద్దరి వేళ్ళూ తీయండి."

నాంచారి బురదలో కూలబడిపోయింది. బాణం తగిలితే మొగుడు ఇంటికి వస్తాడనుకుంది. తగిలినందుకే వేలు పోతుందని ఆమెకు ఎలా తోస్తుంది? తలారి ఓబయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక్క నిమిషం ప్రభూ," అన్నాడు దోనయ. బోదె దగ్గరికి వెళ్ళి బాణం పీకి తెచ్చాడు. "ఎవరి వేలు తీసినా, ముందు ఈ బాణం ఎవరిదో తెలియాలి కదా. పండితులవారూ, చూసి చెప్పండి. ఇది మంచిదా?"

"మంచిదే. బంగారంలాంటిది."

దోనయ గోటితో లక్క గీకాడు. కింద పాత సీసం బయటపడింది. "ఈ తల ఓబయ్య చేసింది. మొదటి ఏడు మట్టిలో దిగింది ఇదే." తోక దగ్గర కొత్త దారం విప్పాడు. లోపల గొడుగు బట్ట పోగు ఒకటి ఈకలకు ఇంకా చుట్టుకునే ఉంది. "ఈ తోక గంగప్పది. పురోహితులవారు గొడుగు పోగును గుర్తుపట్టవచ్చు. నాంచారి చేసింది అతుకు ఒక్కటే. ద్రోహులు చేసిన బాణమే ప్రభూ, ఇవాళ మీ బిరుదు కాపాడింది."

ఉద్దండభట్టు నోరు తెరిచాడు. తెరిచాక మూయడం మరిచి, అడగకూడని ప్రశ్న అడిగేశాడు.

"మరి బాణం అదే అయితే, రెండేళ్ళూ తప్పు ఎక్కడుంది?"

ఆ ప్రశ్నకు జవాబు అక్కడున్న సగం మందికి తెలుసు. ఒక్కరూ తల ఎత్తలేదు. రాజు ముఖంలో నెత్తురు లేదు. ఆయన వేళ్ళు నడుముకున్న కత్తి పిడి మీద బిగుసుకున్నాయి. దోనయ ఆ వేళ్ళనూ చూశాడు, ఏనుగుల సాల వైపూ చూశాడు.

"తప్పు డప్పులదండీ," అన్నాడు నెమ్మదిగా. "ఆ రెండేళ్ళూ చెవులు చిల్లులు పడేలా మోగాయి. ఇవాళ ఆగాయి, గురి తగిలింది. అందరూ కళ్ళారా చూశారు. ఆ డప్పులు మోగించమని ఆజ్ఞ ఎవరిదో ఇందాక వారే చెప్పారు."

అందరి చూపూ ఉద్దండభట్టు మీదికి తిరిగింది. తలారి కూడా ఓబయ్య చెయ్యి వదిలి అటు తిరిగాడు. ఉద్దండభట్టు రెండు చేతులూ గబుక్కున శాలువాలో దాచుకున్నాడు.

"పండితులవారు ఏం చేస్తున్నారు?" అని రాజు అడిగాడు.

"బొటనవేళ్ళు దాచుకుంటున్నారు ప్రభూ," అన్నాడు దోనయ.

రాజు నవ్వాడు. మొదట ఒక్క పొడి నవ్వు. ఆ తరవాత పగలబడి నవ్వాడు. జనం కూడా నవ్వారు. ఓబయ్యకూ గంగప్పకూ సంకెళ్ళు తీసేశారు. ఓబయ్య వెలుతురుకు కళ్ళు తెరవలేక చేతులు చాపుకుంటూ నడిచాడు. నాంచారి ఎదురుపోయి ఆ చేతులు పట్టుకుంది. తీసుకున్న రెండేళ్ళను ఏ రాజూ తిరిగి ఇవ్వలేడు. వేళ్ళు మిగిలాయి, అంతే.

సాయంత్రం అంతఃపురంలో రాజు అందరినీ పంపేసి దోనయను ఉండమన్నాడు. బయట వాన మళ్ళీ పట్టుకుంది.

"నీకు ఎప్పటి నుంచి తెలుసురా?"

"పళ్ళెం జరపడం మొదలుపెట్టినప్పటి నుంచి ప్రభూ."

"ఎవరికైనా చెప్పావా?"

"లేదు ప్రభూ."

"నీ నాలుక కోయిస్తే ఇంకెవరికీ చెప్పలేవు."

"చెప్పలేను ప్రభూ. మెట్టు వచ్చినప్పుడు తమకు 'మెట్టు' అని కూడా చెప్పలేను."

ఈసారి రాజు గొంతులో బిరుదులేవీ లేవు. "ఆనాడు మా నాయన చేతిలో పువ్వు పెట్టాను. పక్కన ఎవడో ఒకడు ఉండే ఉంటాడు కదా. ఒక్క మాట చెవిలో ఊది ఉంటే..."

"ఉన్నాడు ప్రభూ. పెద్దరాజుగారి అడపం పట్టింది మా నాయన. 'ఎరుపు' అనాలని నోటిదాకా వచ్చిందట, తమరికి భయపడి మింగేశాడట. పోయేదాకా ఆ మాటే కలవరించాడు. అందుకే నన్ను నోరున్నవాడిగా పెంచాడు."

"అయితే ఇవాళ నేను విన్నది మీ నాయన మాటన్నమాట. ఇన్నేళ్ళు ఆలస్యంగా," అని పృథ్వీమల్లుడు నవ్వాడు. నవ్వుతుంటే ఆ తెల్లని కళ్ళలోంచి నీళ్ళు కారాయి. తుడుచుకోలేదు. "ఈ ఏటి తిరునాళ్ళకు ఊళ్ళో ప్రతి పిల్లవాడికీ ఒక చేబాణం నా పేరున ఇప్పించు. జిగురు కొసలవి. రేపు ఏనుగుల సాల వెనక గది తలుపు తీయించు. నన్ను అక్కడికి తీసుకుపో. ఇక ఇది నీకు."

వేలి ఉంగరం తీసి బహుమానంగా చెయ్యి చాపాడు. ఆ చెయ్యి స్తంభం వైపు చాచి ఉంది. అక్కడ ఎవరూ లేరు.

దోనయ అడపం మూత మీద వేలితో ఒక్కసారి టక్కుమని కొట్టాడు. రాజు చెయ్యి మెల్లగా అటు తిరిగింది.